గుల్లలమ్మినవాని నేరమా, నీటి నేరమా?

గత వర్షకాలమున మన సంఘము చేసిన తీర్మానమొకదానిని గూర్చి ఈ వారము వ్రాయదలచితిమి. ఆ తీర్మానము క్రింద మా సంతకము కూడ కలదు. కావున ఇందలి నిందలో మొదటి వాటా మాదే.

సంగతి పోదనూరులో నెరుగనివారు లేరు. రైల్వే కాలనీకి చేరువనున్న ఒక గృహమున నిశ్చితార్థపు విందు జరిగినది. పెండ్లికుమారునివారు మన తెలుగువారే యైనను, రెండు మూడు తరములుగా పాలక్కాడు ప్రాంతమున స్థిరపడినవారు. మలయాళ దేశపు రుచులకు అలవాటుపడినవారు. వారి ముచ్చట తీర్చుటకై ఆడపెండ్లివారు కక్క మాంసము తెప్పించి వేపుడు చేయించిరి. ఆ మాంసమును అమ్మినవాడు వారమునకు రెండుమార్లు పడమటి రైలులో బుట్టలు దింపుకొని మన వీథి మొగను కూర్చుండు ముదుసలి మలయాళీ. మధ్యాహ్నము విందు ముగిసినది. ఆ రాత్రికే కొందరికి, తెల్లవారునప్పటికి మరికొందరికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. ఇద్దరు పెద్దలను ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించవలసి వచ్చెను. దైవానుగ్రహమున అందరును కోలుకొనిరి.

మూడవనాడు సంఘము కూడినది. ఆ వర్తకునివద్ద మనవారెవ్వరును కొనరాదనియు, మన వీథిలో అతనిని కూర్చుండనీయరాదనియు తీర్మానించితిమి. పావుగంటలో ముగిసిన పని అది. కాగితము తీసికొనిపోయి చూపించినప్పుడు అతడు మాతో నొక్కమాట యనెను: "నీళ్ళలో ఏమున్నదో నేను చూచినానా, మొదలాళీ?" ఆ మాటకు మేము బదులు చెప్పక వచ్చితిమి. తరువాత అతడు పోదనూరులో దిగుట మానివేసినాడు.

మేము పప్పుల వర్తకులము. కందిపప్పులో పురుగు కనబడినచో, అమ్ముకొను కుర్రవానిని తన్నుట మా వృత్తిలో విచారణ యనిపించుకొనదు. ఏ మూట, ఏ గిడ్డంగి, ఏ ఊరి సరకు, ఎన్నడు దిగినది, ప్రక్కన ఏ మూట యుండెను అని వెనుకకు వెనుకకు పోవుదుము. ఇరువది యేండ్లుగా అంగడిలో చేయుచున్న పనిని సంఘములో చేయకపోతిమే యని తరువాత సిగ్గుపడితిమి. దానికి కారణము ఒక అవ్వగారు. విందు జరిగిన నెలనాళ్ళకు ఆమెను చూడబోయినప్పుడు, ఆ రాత్రి తానుకూడ నాలుగుమార్లు లేచితినని మాటవరుసకు చెప్పెను. ఆమె జన్మలో మాంసము ముట్టినది కాదు. ఆనాడు ఆమె తిన్నది పులిహోర, పెరుగన్నము, పాయసము. "ఈ సంగతి అప్పుడే చెప్పరాదా అవ్వా?" యని మేమడిగితిమి. "ఎవరడిగినారు నాయనా?" యని ఆమె యనినది.

నిజమే, ఎవ్వరును అడుగలేదు. ఎవరెవరు ఏమేమి తినిరో, ఎవరు జబ్బుపడిరో, ఎవరు పడలేదో ఒక కాగితముపై వ్రాసికొన్నవారు లేరు. మిగిలిన వేపుడును మరునాటి ఉదయమే కాలువలో పారబోసిరి. పరీక్షకు పంపుటకు పిడికెడైనను మిగులలేదు. గుల్ల మాంసమువలననే జబ్బు వచ్చినదో, పాయసమువలన వచ్చినదో, వంటవారు వాడిన నీటివలన వచ్చినదో ఇక ఎన్నటికిని తేలదు. అవ్వగారి జబ్బు వేరొక కారణమున వచ్చినదై, తక్కినవారిది గుల్లవలన వచ్చినదియు కావచ్చును. తేలని సంగతికి మనము ఒక ముసలివాని జీవనమును తీసివేసితిమి.

ఇట్టి విచారణ ఎట్లు జరుగవలెనో తెలిసికొనుటకు నూరేండ్ల క్రిందటి కథ యొకటి ఉపకరించును. 1902 నవంబరు 10వ తేదీన ఇంగ్లండులోని వించెస్టరు, సౌతాంప్టను అను రెండు పట్టణములలో నగరాధ్యక్షుల విందులు ఒకేనాడు జరిగినవి. రెండు చోట్లను అతిథులనేకులు జబ్బుపడిరి. కొందరికి టైఫాయిడు వచ్చినది. వించెస్టరు ప్రధాన దేవాలయపు డీను మరణించెను. వంటవారు వేరు, నీరు వేరు, ఊరు వేరు. రెండు విందులకును ఉమ్మడియైనవి ఎమ్స్‌వర్తు అను రేవునుండి వచ్చిన పచ్చి ఆల్చిప్పలు. ప్రభుత్వము పంపిన వైద్యాధికారి బుల్‌స్ట్రోడు తిన్నవారిని, తిననివారిని వేరు చేసి విచారించి, ఆ ఆల్చిప్పల మడుగులవరకు నడచిపోయి చూచెను. ఊరి మురుగు గొట్టములు ఆ మడుగుల దాపుననే సముద్రములోనికి విడువబడుచుండెను.

ఆ ఊరి వర్తకము కూలిపోయినది. అందరును వర్తకునే తిట్టిరి. అయితే ఫాస్టరు అను ఆల్చిప్పల వర్తకుడు ఊరకుండక, మురుగు వదలిన స్థానిక సంస్థపై వ్యాజ్యెము వేసెను. 1906లో అప్పీలు న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పినది. ఒకరి ఆల్చిప్పల మడుగులో మురుగు పోయు హక్కు ఊరి సంస్థకు లేదని తేలినది. వర్తకులమైన మాకు ఈ వ్యాజ్యెము మిక్కిలి నచ్చినది.

గుల్లలకు ఈ పీడ ఎందుకు కలుగుచున్నదో కొంచెము చెప్పవలెను. చేప నీటిలో ఈదుచు పోవును. కక్క, మట్టి, కల్లుమక్కాయి, ఆల్చిప్ప మొదలగునవి ఉన్నచోటనే యుండి, నీటిని లోనికి పీల్చి, మొప్పలతో వడగట్టి, అందలి సూక్ష్మమైన ఆహారమును నిలుపుకొని నీటిని బయటికి వదలును. పెద్ద ఆల్చిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని ఇట్లు వడగట్టును. ఆ నీటిలో మురుగు కలిసినచో మురుగులోని క్రిములును వడగట్టబడి దాని కడుపులో కూడును. చుట్టునున్న నీటికంటె గుల్లలోపల క్రిములు ఎన్నో రెట్లు అధికముగ నుండుట ఇందువలననే. పైగా ఈ జీవులు పెరుగునది నదియు సముద్రమును కలియు మొగలలో. ఎగువనున్న ఊళ్ళన్నిటి కశ్మలము చేరునదియు అక్కడికే. మనము గుల్లను తినునప్పుడు దాని కడుపును, ప్రేవులను తీసివేయక సమస్తమును తినుచున్నాము. కోడిని అట్లు తిందుమా?

మన తాతలు కొంగునాటికిని మధురకును వచ్చినది నాయకరాజుల కాలమున. నల్లరేగడి నేలలో పత్తి, జొన్న పండించుకొన్నవారికి సముద్రముతో పని లేదు. అందుచేతనే మన ఇండ్లలో గుల్లలకు తెలుగుమాటలు నిలువలేదు. కొన్నిటికి తమిళపు పేరు, కొన్నిటికి మలయాళపు పేరు వాడుచున్నాము. తాంబూలమునకు పనికివచ్చు గుల్లసున్నము మాత్రము మన నోట నిలిచినది. కాకినాడ తీరమున ఇట్లు కాదు. అచ్చటి అఖాతమున గుల్లలను చేతులతో తవ్వి తీయుట, పెంకులను సున్నపు బట్టీలకు పంపుట పాత వృత్తి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన కె. ఏ. నరసింహముగారు ఆ గుల్లల పెరుగుదలను గూర్చి ఏండ్ల తరబడి పరిశోధించిరి. మాటయే లేనివారికి ఆ వస్తువును గూర్చిన జాగ్రత్తయు వంశపారంపర్యముగ రాదు. చింతపండు దాచుట మన ఆడవారికి ఎవరును నేర్పనక్కరలేదు గాని, కక్క మాంసము ఎంతసేపు నిలువయుండునో ఏ అత్తయు కోడలికి చెప్పియుండలేదు.

వర్తకపు పనిమీద కొచ్చికి పోయినప్పుడు, ఒక పరిశోధనశాలలో ఈ పరీక్షను కన్నులార చూచు భాగ్యము మాకు కలిగినది. గుల్ల మాంసమును శుభ్రమైన ద్రవముతో నూరి, పలుమార్లు పలుచన చేసి, ఆహారరసము పోసిన గాజు గొట్టములలో వేయుదురు. ప్రతి గొట్టములోను చిన్న గొట్టమొకటి తలక్రిందుగా మునిగియుండును. క్రిములు పెరిగినచో వాయువు పుట్టి ఆ చిన్న గొట్టములో బుడగగా నిలుచును. ఎన్ని గొట్టములలో బుడగ కనబడినదో లెక్కించి, పట్టిక చూచి, నూరు గ్రాములలో ఎన్ని క్రిములుండుటకు అవకాశమో నిర్ణయింతురు. వారు వెదకునది ముఖ్యముగా ఈ. కోలై యను క్రిమిని. 1885లో ఎషెరిష్ అను వైద్యుడు దీనిని వెల్లడించెను. ఇది మనుష్యుల యొక్కయు పశువుల యొక్కయు ప్రేవులలో నివసించును. అన్ని ఈ. కోలైలును జబ్బు చేయవు. కాని ఇది యున్నచోటికి మలము చేరినదని అర్థము. మలము చేరినచోట టైఫాయిడు, రక్తవిరేచనము మొదలగువాని క్రిములుండుటకును దారి కలదు. తలుపు తాళము పగిలియుండుట చూచి దొంగ వచ్చెనేమో యని అనుమానించుట వంటిది ఈ పరీక్ష.

తాళము పగులకుండగనే ఇంటిలో నున్న దొంగలును కలరు. విబ్రియో జాతి క్రిములు మురుగుతో పనిలేకయే ఉప్పునీటిలో సహజముగా నివసించును. 1950లో జపానులోని ఒసాకా ప్రాంతమున సగము ఎండిన చిన్నచేపలు తిని 272 మంది జబ్బుపడి 20 మంది మరణించినప్పుడు, ఫుజినో అను శాస్త్రజ్ఞుడు వీనిలో నొకదానిని కనుగొనెను. దానిలోనే ఒక తెగ 1996లో కలకత్తాలో తలయెత్తి, తరువాత అనేక దేశములకు ప్రాకినది. మంగుళూరు మత్స్య కళాశాలలో ఇంద్రాణి కరుణాసాగరు, ఇడ్యా కరుణాసాగరు దంపతులును వారి శిష్యులును మన పడమటి తీరపు ఆల్చిప్పలలో ఈ క్రిమిని గూర్చి చేసిన పరిశోధనలు ప్రసిద్ధములు. ఈ క్రిమి తిన్న అర్ధదినమునుండి ఒక దినములోపల కడుపునొప్పి, విరేచనములు తెచ్చును. టైఫాయిడునకు ఒకటి రెండు వారములు పట్టును. తిన్న రెండు మూడు గంటలకే వాంతులైనచో వంటవాని చేతిమీది పుండును, బయట నిలువయున్న పాయసమును అనుమానింపవలెను. కనుక జబ్బు తిన్న ఎన్నవ గంటకు వచ్చినదను ప్రశ్న వైద్యునికే కాదు, సంఘమునకును అవసరమైనది. మన తీర్మానములో గంటల లెక్క లేదు.

ఇక వర్తకునిగా మాకు కోపము తెప్పించు సంగతి యొకటి. అమెరికాలో 1924–25 శీతకాలమున చికాగో, న్యూయార్కు మొదలగు నగరములలో ఆల్చిప్పలవలన 1500 మందికి టైఫాయిడు వచ్చి 150 మంది మరణించిరి. వెంటనే 1925లో అక్కడి ప్రభుత్వము గుల్లలు పెరుగు నీటిని పరీక్షించి, మంచిచోటు ఇది, తీయరాని చోటు ఇది యని నిర్ణయించు ఏర్పాటు మొదలుపెట్టినది. భారీ వాన కురిసినచో కొన్ని దినములు తీయరాదను కట్టుబాటు కూడ వారికి కలదు. ఐరోపా దేశములలో గుల్లల నీటికి మూడు తరగతులు. నూరు గ్రాముల మాంసములో 230 ఈ. కోలైలకు మించని చోటు సాధారణముగా మొదటి తరగతి. అక్కడి సరకును నేరుగా అమ్మవచ్చును. 4600 వరకు రెండవది; శుద్ధమైన సముద్రపు నీటిలో నుంచి కడిగించిన పిమ్మటనో, ఉడికించిన పిమ్మటనో అమ్మవలెను. 46000 వరకు మూడవది. దానికి మించినచో గుల్ల తీయనే రాదు.

1997లో ఐరోపావారు మన దేశపు సముద్రాహారమును కొంతకాలము నిషేధించినప్పుడు మన ఎగుమతిదారులు ఎట్లు పరుగులెత్తిరో వర్తకులెరుగుదురు. కర్మాగారములు మారినవి, గచ్చులు మారినవి, మంచు మారినది, పరీక్షలు వచ్చినవి. నేడు విదేశమునకు పోవు గుల్ల పుట్టిన నీటికి పరీక్ష కలదు. పోదనూరు వీథికి వచ్చు బుట్ట పుట్టిన నీటికి తరగతి కట్టి, అమ్మువానికి ఒక చీటీ ఇచ్చిన చోటు మా కంటబడలేదు. తెల్లదొర కడుపునకు నొకతీరు, మన కడుపునకు నొకతీరు! కొల్లము దగ్గరి అష్టముడి సరస్సులోని కక్కలకు 2014లో అంతర్జాతీయ యోగ్యతాపత్రము దొరకినది. అది సంతోషింపదగినదే గాని, ఆ పత్రము గుల్లల సంతతి తరిగిపోకుండ తీయుచున్నారని చెప్పునది. వానిలో క్రిములు లేవని చెప్పునది కాదు. ఈ భేదము తెలియక అంగళ్ళలో దాని పేరు చెప్పి అమ్ముటయు, కొనుటయు జరుగుచున్నది.

వంటయింటి సంగతి. 1988లో చైనాలోని షాంఘై నగరమున మురుగు సోకిన గుల్లలను సగము ఉడికించి తిన్నందున దాదాపు 3 లక్షల మందికి కామెర్లు వచ్చినవి. అది క్రిమి కాదు, వైరసు. కాని దారి అదే, మురుగునుండి గుల్లకు, గుల్లనుండి నోటికి. అక్కడివారు మరుగునీటిని గుల్లలపై పోసి, నోరు తెరచిన తోడనే తినుట రుచియనిరి. గుల్ల నోరు తెరచుట ఉడికినదనుటకు గుర్తు కాదు. తెరచిన పిమ్మట మరల మూడు నుండి ఐదు నిమిషములు తెర్లవలెను. లోపలి మాంసము 90 డిగ్రీల వేడిలో నిమిషమున్నర నిలువవలెనని ఐరోపావారి నియమము. వండకముందే నోరు తెరచి, తట్టినను మూయని గుల్ల చచ్చినది, దానిని పారవేయవలెను. పెంకు తీసిన మాంసమును మంచులేక తెచ్చినచో కొనరాదు. వర్తకుడు మంచు పెట్టినను, మనము విందు ఏర్పాట్ల తొందరలో దానిని మూడుగంటలు వరండాలో నుంచినచో మంచు యేమి చేయును? ఆ నిశ్చితార్థపు దినమున అట్లే జరిగినదని వంటవారిలో ఒకడు తరువాత చెప్పెను.

ఉడికించుటచే అన్నియు పోవునని ధైర్యము చెప్పలేము. సముద్రములోని కొన్ని సూక్ష్మజీవుల విషము గుల్లలలో కూడినచో ఎంత ఉడికించినను పోదు. 1981లో తమిళనాడున మట్టి గుల్లలు తిని ముగ్గురును, 1997లో తిరువనంతపురము దగ్గరి విళింజములో కల్లుమక్కాయి తిని ఏడుగురును మరణించుటకు కారణము ఇట్టి విషమే. దీనిని ఆపుటకు సముద్రమును కనిపెట్టియుండు ప్రభుత్వము కావలెను. వంటచేయు ఆడవారిమీద ఈ భారము వేయుట అన్యాయము.

మరల ముసలివాని ప్రశ్నకు వత్తము. నీళ్ళలో ఏమున్నదో ఎవరు చూడవలెను? మన పోదనూరునుండి పడమటి రైలెక్కినచో కొంతసేపటికే వాళయారు. అక్కడ కురిసిన వాన కల్పాత్తి యేటిలో చేరి, భారతపుళలో కలిసి, పాలక్కాడు మొదలు ఎన్నో ఊళ్ళ మురుగును మోసికొని పొన్నాని మొగను సముద్రములో పడుచున్నది. మన వైపు నొయ్యలునకు మనము చేసిన సేవయు కన్నులకు కనబడుచునే యున్నది. వెళ్ళంగిరి కొండలలో తేటగా పుట్టిన యేరు కోయంబత్తూరు దాటునప్పటికి ముక్కు మూసికొనవలసినదగుచున్నది. అది కావేరిలో కలియును. కావేరి సముద్రములో కలియును. ఎగువవాడు వదలినది దిగువవాడు త్రాగును, వాని దిగువ గుల్ల త్రాగును, గుల్లను మరల ఎగువవాడు కొని తినును.

ఇంకొక మాటను కొందరికి రుచింపకున్నను వ్రాయవలెను. ఈ మురుగును చేతులతో ఎత్తినవారిలో, గుంటలలో దిగి ప్రాణములు పోగొట్టుకొన్నవారిలో ఇంటిలో తెలుగు మాటాడు కుటుంబములవారు అనేకులు కలరు. 2013 నాటి చట్టము ఆ పనిని మనుష్యులచే చేయించుటను నిషేధించినది. మురుగు ఎక్కడ పగిలినది, ఏ గొట్టము ఏ వాగులో కలియుచున్నది అనునది మనకందరికంటె వారెరుగుదురు. మనది తెలుగువారి సంఘమని పేరు. వారిలో ఎందరు సభ్యులో పుస్తకము తీసి చూచితిమి. సంఖ్య వ్రాయుటకు చేయి రాలేదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున మేము కొన్ని ప్రతిపాదనలు పెట్టుచున్నాము. సంఘపు కల్యాణమండపమున జరుగు ప్రతి విందునను వడ్డించిన ప్రతి పదార్థమును కొంచెము శుభ్రమైన డబ్బాలో తీసి రెండు దినములు శీతలపేటికలో నుంచవలెను. జబ్బు పొడసూపినచో ఆ డబ్బాలను మంచులో పెట్టి ఆహారభద్రతాధికారికి అప్పగింపవలెను. తిన్నవారిని, తిననివారిని, జబ్బు వచ్చిన గంటను వ్రాసికొను పని యువజన విభాగమునకు ఒప్పగింపవలెను. 2006 నాటి ఆహారభద్రతా చట్టము 40వ సెక్షను ప్రకారము, కొనునప్పుడే వర్తకునికి తెలిపి, రుసుము చెల్లించి, కొన్న సరకును పరీక్షింపించుకొను హక్కు సామాన్యునికి కలదు. ఆ రుసుమును సంఘనిధినుండి ఇచ్చినచో ఏడాదికి నాలుగైదుమార్లు మన వీథి గుల్లలను పరీక్షింపింపవచ్చును. ఫలితమును ఈ పత్రికలోనే ప్రకటింతము. ఖర్చెందుకని అడుగువారు, గత సంవత్సరము పూలదండలకైన లెక్కను ఒకమారు చూడగోరెదము.

గత తీర్మానమును రద్దుచేయు కాగితము కూడ సిద్ధమైనది. ఆ ముసలివాడు ఇప్పుడు వాళయారు సంతలో కూర్చుండుచున్నాడని రైల్వే మిత్రులొకరు తెలిపిరి. కాగితముపై మొదటి సంతకము మేము చేసి కార్యదర్శిగారి బల్లమీద ఉంచినాము. తీర్మానమునాడు చేతులెత్తినవారందరును సమావేశమునకు అరగంట ముందుగా వచ్చి చదువుకొని, ఇష్టమైనచో దాని క్రింద సంతకము చేయవచ్చును.